సముద్రానికీ వంకలే

కోట్లు కుట్టే షాపు వెనక గది. ముందు తలుపులు ఇంకా తియ్యలేదు. కత్తిరించే బల్ల దగ్గర షాపుకి పెద్దదిక్కయిన అక్క, కుట్టుమిషను ముందు ఆవిడ మరదలు, ఇస్త్రీబల్ల దగ్గర ఆ ఇద్దరి మధ్యా ఏళ్ళ తరబడి నలుగుతున్న తమ్ముడు. అక్కకి పొద్దున్నే ఒళ్ళు మండుతోంది.

"ఆ ఊరా? ఆ ఊరి మాట మాత్రం నా దగ్గర ఎత్తకు."

"ఏమైంది వదినా ఆ ఊరికి? నడి చలికాలంలో కూడా అక్కడ స్వెట్టరు అక్కర్లేదట. కిటికీ తీస్తే సముద్రం."

"కిటికీ తీస్తే సముద్రం కాదే, కిటికీ తీస్తే చేపలు. ఊరూరంతా చేపలు ఎండేసుకుని కూచుంటారు. సముద్రం చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ముక్కు మూసుకుని చూడాలి. నాకున్నవి రెండు చేతులు. ఒకటి ముక్కుకే అంకితమైపోతే ఒంటిచేత్తో ఏ పని చెయ్యను?"

"ఆ రెండు చేతుల కోసమే కదా వదినా వెళ్ళమంటున్నది."

"నా చేతులకేం? నిక్షేపంలా ఉన్నాయి."

"డాక్టరు అలా అనలేదు. ఇలాంటి చలికాలం ఇంకొక్కటి ఇక్కడ గడిపితే వేళ్ళు బిగుసుకుపోయి మళ్ళీ వంగవన్నాడు. ఆ నాలుగు నెలలూ ఎక్కడైనా వెచ్చటి చోట, సముద్రం ఒడ్డున ఉంటే..."

"ఆ డాక్టరు మొహం! వేసుకున్న కోటుకి ఒక భుజం ఎత్తు, ఒక భుజం పల్లం. అద్దంలో తన భుజాలే చూసుకోనివాడు నా వేళ్ళేం చూస్తాడు?"

"ఏవండీ, మీరైనా చెప్పండి."

"నేనా? నేనేం చెప్తాను... ఉండు, ఈ కాలరు మాడిపోయేలా ఉంది."

"వాణ్ణెందుకు లాగుతావు మధ్యలో? పుట్టినప్పట్నుంచీ గోడమీద పిల్లి వాడు. ఒరేయ్, నీ పని నువ్వు చూసుకోరా."

"చూసుకుంటున్నాగా అక్కా."

"సరే, చేపల ఊరు వద్దు. రెండోది వినండి. రిటైరైనవాళ్ళంతా చలికాలం అక్కడికే వెళ్తారట. ఒడ్డు పొడుగునా బెంచీలు, మంచి ఎండ, దగ్గర్లోనే ఆసుపత్రి..."

"బెంచీలు! ఆ బెంచీల మీద ఎవరుంటారో కనుక్కున్నావా? తెల్లారకుండానే వచ్చి చోటు పట్టుకునే ముసలాళ్ళు. నీకు బీపీ ఎంత, నాకు షుగరెంత, నిన్న విరేచనం అయిందా, ఇవాళన్నా అయిందా. ఆ మాటలు వినలేక సముద్రం కూడా వెనక్కి పారిపోతూ ఉంటుంది. వాళ్ళ మధ్య నేను కూచోవాలా?"

"నువ్వూ వాళ్ళ ఈడుదానివే కదక్కా."

"ఏంట్రా?"

"ఏం లేదు. కాలరు."

"చూశావటే, మీ ఆయనకి మాటలొచ్చాయి! పెళ్ళయిన ఇన్నేళ్ళకి! బాగా తర్ఫీదిచ్చావు."

"నేనేం ఇవ్వలేదు వదినా. ఆయన ఉన్నమాటే అన్నారు."

"ఇద్దరూ కలిసి రాత్రంతా అనుకున్నట్టున్నారు ఉన్నమాటలు."

"పోనీ ముసలాళ్ళు వద్దు, కుర్రకారు ఉండే ఊరికే వెళ్ళండి. మూడోది అదే. ఇసక మెత్తగా ఉంటుందట, నీళ్ళు గోరువెచ్చగా, సాయంత్రమైతే పాటలూ దీపాలూ..."

"ఆ ఊరి సంగతి నాకు చెప్తావా? జానెడు గుడ్డతో మనిషికి సరిపెట్టేస్తారక్కడ. ఊరందరి బట్టలూ కలిపి కుట్టినా ఒక్క కోటుకి చాలవు. కోట్లు కత్తిరించే దాన్ని తీసుకెళ్ళి అక్కడ పడేస్తే నేనేం చెయ్యాలి? టేపు పట్టుకుని తిరగనా? టేపు మాత్రం ఎందుకు, అంతా కళ్ళెదుటే ఉంటే!"

"అబ్బా, మెల్లిగా! వీధిలోకి వినిపిస్తుంది."

"విననీ. నేనేం ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పానా?"

"బటన్ల షాపు పిన్నిగారు ఏటా వెళ్తారు కదక్కా ఆ ఊరికి. ఆవిడకి మోకాళ్ళు ఎంత నయమయ్యాయో!"

"మోకాళ్ళు నయమయ్యాయి, బుర్ర పోయింది. పోయినసారి వచ్చి ఏం తెచ్చింది నాకు? గవ్వలు. ఒక డబ్బాడు గవ్వలు. చలికాలమంతా ఏరిందట! బటన్లు అమ్ముకునే మనిషి గవ్వలు ఏరుకునే స్థితికి వచ్చిందంటే ఆ ఊరు ఎలాంటిదో ఆలోచించుకో. నేనూ అలా వంగి వంగి ఏరుకోవాలా?"

"ఏరుకోకండి వదినా. ఉత్తినే కూచోండి."

"ఉత్తినే కూచోవడం నాకు చేతకాదు. మీ ఆయన్ని పంపించు, అందులో వాడు ఆరితేరాడు."

"టీ చల్లారిపోతోంది. ముందు తాగండి."

"తాగుతాలే."

"రెండు చేతులతో పట్టుకోండి."

"ఎందుకు, నేనేమన్నా పసిపిల్లనా... అయ్యో! అయ్యయ్యో!"

"గుడ్డ మీద పడిందా?"

"లేదు, లేదు. బల్ల మీదే. ఆ గుడ్డముక్క ఇటు పారెయ్యి. గ్లాసు జిడ్డోడుతోంది. గ్లాసులు తోమడం ఎప్పుడు నేర్చుకుంటావే నువ్వు?"

"గ్లాసు జిడ్డుగా లేదు వదినా."

"జిడ్డే."

"పొద్దున మీ స్వెట్టరు గుండీలు ఎవరు పెట్టారు?"

"కాజాలు బిగువు. ఎవరు కుట్టారో ఆ కాజాలు!"

"నేనే కుట్టాను."

"అందుకే బిగువు."

"ఇంకా చలి మొదలవనే లేదు వదినా. ఇప్పుడే ఇలా ఉంటే..."

"ఇప్పుడే ఇలా ఉంటే ఏంటి? చెప్పు. ఏంటి?"

"ఏం లేదు. ఆఖరుది చెప్తాను, ఇదొక్కటీ సాంతం వినండి. మధ్యలో మాట్లాడొద్దు."

"నేనెప్పుడు మాట్లాడాను?"

"పళ్ళ డాక్టరుగారి అత్తగారి ఇల్లట. వెనక కొండ అడ్డం ఉంటుంది, చలిగాలి కొట్టదు. కింది వాటా మనకిస్తారు, మెట్లెక్కే బాధ లేదు. వసారాలోకి పొద్దున వచ్చిన ఎండ సాయంత్రం దాకా అక్కడే ఉంటుందట. వండిపెట్టడానికి మనిషి కూడా ఉంది. చేపలు లేవు, బెంచీలు లేవు, పాటలు లేవు."

"మరేముంది?"

"సముద్రం."

"ఉత్త సముద్రమా?"

"ఉత్త సముద్రమే."

"దాన్ని నాలుగు నెలలు నేనేం చేసుకోను? వస్తుంది, పోతుంది. వస్తుంది, పోతుంది. ఒక్క పనంటూ పూర్తిచేసి చావదు. అలాంటి పనివాణ్ణి నేనైతే రెండోరోజే తీసేద్దును."

"నవ్వించకండి వదినా. నేను నిజంగా అడుగుతున్నాను. వెళ్తారా?"

"నేనూ నిజంగానే చెప్తున్నా. వెళ్ళను. ఆ పళ్ళ డాక్టరు సంగతి నీకు తెలీదా? కుట్టిన కోటుకి మూడుసార్లు నడుం వదులు చేయించుకుని, బట్ట కుంచించుకుపోయిందని నా మీద పడ్డాడు. వాడి బొజ్జ గురించే నిజం చెప్పనివాడు వాళ్ళ అత్తగారి వసారా గురించి చెప్తాడా?"

"ఆవిడ వసారాని నేను చూశానక్కా."

"నువ్వెప్పుడు చూశావురా?"

"ఫోటోలో."

"ఫోటోలో నువ్వు కూడా మనిషిలాగే కనిపిస్తావు."

"వదినా, ఆయన్ననకండి. కోపం నా మీదయితే నన్ననండి."

"అంటాను. నాకేం భయమా? సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. చలికాలమంటే ఏంటి ఈ షాపుకి? కోట్లు. మిగతా ఏడాదంతా ఇక్కడ ఈగలు తోలుకుంటాం. ఆ నాలుగు నెలలే మన తిండి. సరిగ్గా ఆ నాలుగు నెలలే నన్ను పొమ్మంటున్నావు. ఎండాకాలం పొమ్మనొచ్చుగా?"

"ఎండాకాలం మీ వేళ్ళు నొప్పెట్టవు కదా!"

"నీ పప్పులు నా దగ్గర ఉడకవే. నీకు కావలసింది నా చేతులు బాగుపడ్డం కాదు. నా బల్ల."

"ఆ మాట అనకండి."

"ఎందుకనకూడదు? ఈ ఇంట్లో కాలు పెట్టినప్పట్నుంచీ చూస్తున్నాను. నేను సుద్దముక్క తీస్తే చాలు, నీ మిషను ఆగిపోతుంది. నా చేతులకేసి అలా చూస్తూ ఉండిపోతావు. ఎప్పుడు లేస్తుందా, ఎప్పుడు కూచుందామా అని."

"వదినా, మీరు పొరపాటు..."

"కత్తిరించడమంటే గుడ్డని రెండు ముక్కలు చెయ్యడం అనుకుంటున్నావేమో. మనిషి ఎలా నడుస్తాడు, ఎలా కూచుంటాడు, ఏ చెయ్యి ఎక్కువ ఊపుతాడు, అంతా చూసి కొయ్యాలి. నీకు తిన్నగా ఒక గీత గియ్యడం వచ్చా?"

"మొదట్లో రాలేదు."

"ఇప్పుడు మాత్రం వచ్చా?"

"అక్కా, పోనీలే, వదిలెయ్యి..."

"నువ్వుండరా! బ్యాండుమేష్టారు ఏమన్నాడు పోయినేడు? ముందు గదిలో నిలబడి అన్నాడు, ఆ తెర వెనకనుంచి నా చెవులారా విన్నాను. 'ఇన్నేళ్ళూ బ్యాండు ముందు చేతులెత్తితే కోటు కూడా నాతో పాటు లేచేది. మొట్టమొదటిసారి దాని చోట అది ఉంది' అన్నాడు. చంక దగ్గర అంత పైకి కొయ్యడం ఎవరికొచ్చే ఈ ఊళ్ళో? చెప్పు! ఈ చెయ్యి తీసేస్తే ఏం మిగుల్తుంది ఈ షాపులో? ఒక ఇస్త్రీపెట్టె, నాలుగు బిగువు కాజాలు!"

"అక్కా."

"నన్ను పంపించి చూడండి. నెల తిరక్కుండా తాళం పడుతుంది. అప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఏడ్చుకుంటూ సముద్రం ఒడ్డుకి వస్తారు, అక్కా రా, వదినా రా అని."

"అక్కా, ఆ కోటు..."

"ఏవండీ! వద్దు."

"ఇంకెన్నాళ్ళే?"

"వద్దన్నానా. మీరు ఇస్త్రీ చూసుకోండి."

"ఇస్త్రీ అయిపోయింది."

"ఏంట్రా? ఏమైంది ఆ కోటుకి? ఎక్కడన్నా పిగిలిందా?"

"పిగల్లేదు. ఆ కోటు నువ్వు కొయ్యలేదక్కా."

"నేను కొయ్యకపోతే నువ్వు కోశావా?"

"రెండు చలికాలాలుగా నువ్వు కోసిన కోటు ఒక్కటి కూడా ఆ తెర దాటి ముందు గదిలోకి పోలేదు. అన్నీ మేడమీద మూటలు గట్టి ఉన్నాయి. అదే గుడ్డ మళ్ళీ తెచ్చి, నువ్వు పడుకున్నాక ఇది మళ్ళీ కోస్తోంది."

"అబద్ధం."

"అబద్ధమైతే బాగుండును."

"ఏమే, వీడేదో వాగుతున్నాడు. నవ్వవేం?"

"వదినా..."

"నవ్వు!"

"గీత తిన్నగానే గీస్తున్నారు వదినా. నిజం, గీతల్లో వంక లేదు. కత్తెరే మధ్యలో జారిపోతోంది. వేళ్ళకి స్పర్శ తెలీక మీరు కోసుకుంటూ పోతున్నారు. బ్యాండుమేష్టారి కోటుకి వీపు ముక్కలో కత్తెర మెడ దాకా వెళ్ళిపోయింది. మీరు దాన్ని మడిచి నా ఒళ్ళో పెట్టి, తగలెయ్యకుండా కుట్టు అన్నారు."

"మరి చెప్పలేదే?"

"ఎలా చెప్పను?"

"నోటితో. నీకు నోరు లేకపోవడమేంటి?"

"చెప్తే మర్నాడు మీరు ఆ బల్ల దగ్గరికి వచ్చేవారా?"

"ఎందుకొస్తాను?"

"అందుకే చెప్పలేదు. ఈ చలికాలమూ చెప్పకపోదును. కానీ పోయినేడు కత్తెర మీ వేలు కోసింది, మీకు రక్తం చూసేదాకా తెలీలేదు. నాకు భయమేసింది వదినా."

"ఎవరెవరికి తెలుసు?"

"మా ఇద్దరికే అక్కా. బోర్డు మీద నీ పేరే, బిల్లు మీద నీ పేరే. ఎవరడిగినా మా అక్కే కోసింది అని చెప్తున్నాను."

"నువ్వు నోరు ముయ్యరా. ఇన్నేళ్ళకి ఒక్కసారి తెరుస్తావు, ఇదా తెరవడం? ఏమే, ఇటు చూడు. చంక అంత పైకి ఎందుకు కోశావు?"

"ఆయన చేతులెత్తే మనిషి కదా. కొలతలు తీసేటప్పుడు కూడా చేతులు ఒకచోట ఉంచలేదు. మనిషిని చూసి కొయ్యాలని మీరే అనేవారుగా."

"నీతో అన్లేదు. గుడ్డతో అనుకునేదాన్ని."

"వినపడేది."

"వినపడుతుంది, ఎందుకు వినపడదు? మిషను ఆపేసి వింటే."

"ఆపకపోతే నేర్పేవారా మీరు?"

"నేర్పను. చచ్చినా నేర్పను."

"పళ్ళ డాక్టరుగారికి ఏమని చెప్పమంటారు వదినా?"

"ఆయనకి తర్వాత చెబుదువుగాని. ముందు వడ్రంగిని పిలిపించు."

"వడ్రంగినా? ఎందుకు?"

"ఈ బల్ల నా ఎత్తుకి చేయించింది. నువ్వేమో నా భుజం దాకా కూడా రావు. రెండేళ్ళు దీని మీద ఎలా కోశావే, చేతులు పడిపోలేదూ? దీని కాళ్ళు కోయించు."