నీ నీళ్ళకుండలో దోమపిల్లలు

ఆ కుండ జోలికి పోతే చెయ్యి విరగ్గొడతానంటాది మీ అక్క రామక్క! వింటివా? నీ ఫోటో ముందరే అనె. మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని, నాకు ఆ మాత్రం హక్కు లేదా?

నువ్వు పోయిన దినం నుంచి ఈ మూలలో దీపం, పక్కన కుండనిండా నీళ్ళు పెట్టుండాము. పెద్దకర్మ దాకా నీ ప్రాణం దాహంతో వచ్చి తాగిపోతాదంట. మూత పెట్టగూడదు, పారబోయగూడదు, తగ్గితే పైన పోయాలంతే. మీ ఇంటి ఆచారమంట. సరే, పోస్తా ఉంటి.

నిన్న పొద్దున పోస్తా వంగి చూస్తే ఏముండాదనుకుంటివి? దోమపిల్లలు! తల కిందికి, తోక పైకి పెట్టుకోని కులుకుతా ఉండాయి. డెంగీతో నిన్ను మింగిన జాతి, నీకు పెట్టిన నీళ్ళలోనే కాపురం పెట్టిండాది! ఎంత పొగరుండాలప్పా! హెబ్బగోడి నుంచి బెళ్ళందూరు దాకా ట్యాంకరు తోలి అందరికీ నీళ్ళు పోస్తివి. నీకు కుండెడు మంచినీళ్ళు దక్కలేదు. ఒళ్ళు మండిపోయె నాకు.

పారబోస్తానంటే మీ అక్క అడ్డం పడె. "నా తమ్ముడు నోరెండి పోతాడే" అని ఒకటే ఏడుపు. నేను గమ్మునుంటానా? ల్యాబులో పనిచేసే మన బిడ్డ సహనతో దోమపిల్లల్ని చంపే పొడి తెప్పించినా.

అది ఎట్ల చంపుతాదో బిడ్డను మళ్ళీమళ్ళీ అడిగి చెప్పించుకున్నా. వినేకొద్దీ కడుపు చల్లగయ్యె. ఏదో సూక్ష్మజీవి తయారుచేసే విషమంట, కలకండ పలుకు మాదిరి గడ్డకట్టి ఉంటాది. ఊరికే ఉంటే ఎవుర్నీ ఏమనదు. ఇవి తిండనుకోని మింగుతాయి. వీటి కడుపులో సున్నంనీళ్ళ మాదిరి రసం ఉంటాది, దాంట్లో అది కరుగుతాది. తిండి అరిగించే రసాలే ఆ విషాన్ని కత్తిరించి పదును పెడతాయంట. వాటిని కోసే కత్తిని అవే నూరుకున్నట్ల! చూడు తమాషా!

అప్పుడు పోయి పేగు గోడకు అతుక్కుంటాది. దానికి సరిపడే చోటు అక్కడే ఉంటాదంట. అట్లాంటివే ఇంకో నాలుగు దాంతో కూడుకోని పేగు కణానికి బెజ్జం పెడతాయి. బెజ్జంలో నీళ్ళు దూరి, కణం ఉబ్బి, పగిలిపోతాది. ఇంక తినేదానికి పేగే ఉండదు.

నీకూ అట్లే కదయ్యా చేసినాయి? రక్తనాళాల్లోంచి నీరంతా బయటికి కారిపోయిందనె డాక్టరు. ఆఖరికి గంజి గుటక కూడా దిగలే నీకు. అనుభవించనీ! చిల్లికి చిల్లి!

ఏం, అట్ల చూస్తావు? అవును, ఈ పొద్దు మీ అక్క స్నానానికి పోయినప్పుడు వేసేసినా. మనిషికేమీ కాదంటలే. మన కడుపులో ఉండేది పులుపు, అక్కడ దాని ఆట సాగదు. దాహమైతే తాగు.

పక్కనే కూర్చోని చూసినా. మధ్యాన్నానికి కులుకు ఆగిపోయె. ఒక్కోటీ అడుక్కు దిగిపోతా ఉంటే నవ్వొచ్చె నాకు. నవ్వి నవ్వి ఏడుపొచ్చె.

నిన్ను కుట్టిన దోమ ఎప్పుడో చచ్చింటాది. ఇవి నువ్వు పోయినాక పుట్టినవి, నీ మొగం గూడా చూసిండవు. నాకు తెలీదా? తెలుసు. అయితే ఇంకెవురి మీద తీర్చుకోమంటావయ్యా, చెప్పు?