సొసైటీ ప్రింటరూ, లిస్టులో లేని నేనూ

"శాలువా! ఆ వేలూరు మెకానిక్ గోపినాథ్‌కు శాలువా! మన చేనేత సొసైటీలో, మన మీటింగులో, నా కండ్ల ముందరే కప్పినారు. నేనేమో వెనక వరసలో కూసోని చప్పట్లు కొట్టల్ల! ఇది న్యాయమేనా కోకిలమ్మా, నువ్వే చెప్పు!"

గుడియాత్తం సొసైటీ ఆఫీసు ఎదురుగా ఉన్న టీ కొట్టులో రంగనాథన్ గ్లాసు బల్లమీద కొట్టి మరీ అడిగాడు. కొట్టు నడిపే కోకిల ఒక తెల్ల కాగితంతో బజ్జీలమీద ఈగలు తోలుతూ, "టీ ఒలికిపోతాదన్నా" అంది. పక్క బెంచీమీద అతని బామ్మర్ది భూపతి టీ ఊదుకుంటూ ఉన్నాడు. భూపతి మాట్లాడేదే తక్కువ. అందుకే రంగనాథన్ ఎప్పుడూ అతని పక్కనే కూర్చుంటాడు.

"నేను చేసింది పెద్ద పనని అంటా ఉండానా? లేదు, చిన్న పనే. పోయిన సోమవారం మన షాలినికి, అదే, ఈ భూపతి కూతురికి, వేలూరు కాలేజీలో సీటుకు చివరి రోజు. నేత కుటుంబమని సొసైటీ సర్టిఫికెట్టు సాయంత్రం ఐదులోపల ఆడ పెట్టల్ల. లేదంటే సీటు పోయినట్టే. కాగితం కంప్యూటర్లో రెడీగా ఉండాది. సెక్రెటరీ సంతకానికి పెన్ను పట్టుకోని కూసోని ఉండాడు. ప్రింటరేమో పలకదు. పిల్ల గడపమీద కూసోని ఏడస్తా ఉండాది. అప్పుడు ఎవురు పోయినారు లోపలికి? నేను పోయినా!"

"ఆమా, పోయినావు" అన్నాడు భూపతి.

"విన్నావా కోకిలమ్మా, సాక్షి! ఆ కంప్యూటరు అందరి ఇండ్లలో ఉండేట్టుది కాదు, లినక్సు. తెరిస్తే పెంగ్విన్ పక్షి బొమ్మ. సుమ్మా, ఊరికే బొమ్మలు నొక్కి పని చేసేవాడినా నేను? నల్ల తెర తెరిచి ఆజ్ఞలు రాసినా. నా వేళ్ళు మగ్గంలో నాడె ఆడినట్ల ఆడతా ఉంటే కీబోర్డుమీద అక్షరాలన్నీ అరిగిపోయినాయి. అంతకు ముందే కాగితం కట్ట పట్టి చూసినా, వానకు మెత్తబడి ఉండాది. దానికి మన నేతపనిలో ఒక మందు ఉండాది, అది కూడా చేసి పెట్టినా. ఏం మందో చెప్పను, అది మా ఇంటి గుట్టు."

కోకిల ఈగలు తోలడం ఆపి, చేతిలోని కాగితాన్ని ఒకసారి చూసుకుని, మళ్ళీ తోలసాగింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసునా? 'ప్రింటరు ఆగి ఉండాది' అనింది తెర. ఆగినదాన్ని నడిపించల్లంటే ఆజ్ఞకు ముందర 'సుడో' అని వేయల్ల. అంటే, నాకు పెద్దరికం ఇయ్యి అని అడగడం. మెంబర్ల కోసమని పెట్టిన 'మెంబరు' అనే పేరుతోనే లోపలికి పోయి మర్యాదగా అడిగినా. ఆ మిషను ఏమని రాసిందో చెప్తే మీ చేతిలో టీ చల్లారిపోతాది. 'మెంబరు లిస్టులో లేడు. ఈ సంగతి రిపోర్టు చేయబడుతుంది.' రిపోర్టు! నామీద! మా తాత ఈ సొసైటీకి మొదటి మగ్గం ఇచ్చినోడు, మా నాయన ఇరవై ఏండ్లు డైరెక్టరు, నేను లిస్టులో లేనంట! మొన్న డబ్బాలోనించి బయటికి తీసిన మిషను నన్ను చూసి ఎవురు నువ్వు అంటాదా? ఒళ్ళు మండిపోయింది నాకు."

"ఎవురికి రిపోర్టు చేస్తాదంటన్నా?" అంది కోకిల.

"అదే నేనూ అడిగినా! నిలబడి తిట్టినా తల్లీ. తమిళంలో అరగంట, తెలుగులో ముప్పావుగంట. వీధిలో పవర్‌లూములు వాటంతట అవే ఆగిపోయినాయి. ఆఖరికి తెరమీద ఒక్కొక్క అక్షరంగా 'మన్నిచ్చిడుంగ సామీ' అని తమిళంలో వచ్చింది. పెంగ్విన్ బొమ్మ తల దించుకునింది."

"బొమ్మ తల దించుకునిందా?"

"అబద్ధమైతే నీ బజ్జీ నాకు అరగదు. రెండు ఇట్లియ్యి."

కోకిల పక్కనున్న దొంతరలోంచి ఒక కాగితం తీసి రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి ఇచ్చింది.

"సరి, పెద్దరికం వచ్చింది. కనెక్షనేదీ? వైరు ఈ గదిలోనే ఉండాది, నా ఆజ్ఞ మాత్రం దారి తప్పి పేర్ణాంబట్టుకు పోయింది. ఆడ తోళ్ళ షెడ్డులో ఆరబెట్టిన మేకతోలుమీద షాలిని సర్టిఫికెట్టు అచ్చు పడింది! చూసినోళ్ళు చెప్పినారు, తోక దగ్గర సంతకానికి జాగా కూడా విడిచిపెట్టి ఉండాదంట. వెంటనే దారి మార్చినా. ఈసారి జోలార్పేటకు పోయింది. స్టేషన్లో బండ్ల పేర్లు వచ్చే బోర్డుమీద 'షాలిని, తండ్రి పేరు భూపతి' అని ఎర్రగా వచ్చె. జనం కొత్త ఎక్స్‌ప్రెస్సనుకోని పెట్టెలెత్తుకోని పరిగెత్తినారు. కొందురికి కిటికీ పక్కన సీటు కూడా దొరికింది."

"అంటే బండి వచ్చిందా?"

"రాకుండా యాడికి పోతాది? నేను ఊరుకునే రకమా? ఆ కనెక్షను ఆలంగాయం దాటి కొండెక్కబోతా ఉంటే తోక పట్టి లాగినా. నూలు కండెకు చుట్టినట్ల చుట్టి తెచ్చి ప్రింటర్లో పెట్టినా. ఒకే ఒక్క నొక్కు! ఒకే ఒక్క కాగితం! వచ్చిన వేగానికి కిటికీలోనించి ఎగిరి, వేలూరు బస్సును దాటుకోని పోయి కాలేజీ బల్లమీద వాలింది. అప్పటికి టైము నాలుగూ యాభైతొమ్మిది."

రంగనాథన్ గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "ఆ పిల్ల నాకు మేనకోడలప్పా. ఏడస్తా ఉంటే చూడలేక పోయినా లోపలికి. సంచి తగిలించుకోని ఆఖరికి వచ్చినోడికి శాలువా, నాకు ఒక్క మాట కూడా లేదు. మీటింగులో రంగనాథన్ అనే పేరే ఎవురూ ఎత్తలా."

భూపతి గ్లాసు కింద పెట్టాడు.

"బావా, బజ్జీ పక్కన పెట్టి ఆ కాగితం తిప్పి చూడు."

రంగనాథన్ తిప్పాడు. నూనె మరకల మధ్య షాలిని పేరుంది, భూపతి పేరుంది, అడుగున సొసైటీ పేరుంది.

"ఇది ఈడికి ఎట్ల వచ్చె?"

"నువ్వు నొక్కింది ఒకసారి కాదు బావా. పలకలేదనే కోపంతో అరవైనాలుగు సార్లు నొక్కినావు. అన్నీ కంప్యూటరు లోపల వరస కట్టి కూసున్నాయి. గోపినాథ్ వచ్చి నడిపించినాక అరవైనాలుగూ ఒకదాని వెనక ఒకటి బయటికి వచ్చినాయి. మొదటిదానిమీద సంతకం పెట్టించి, పిల్లను తన బండిమీదనే వేలూరుకు ఎక్కించుకోని పోయినాడు. మిగిలినవి బజ్జీలు పెట్టేదానికని సెక్రెటరీనే ఈ కోకిలమ్మకు ఇచ్చినాడు."

"అయితే మాత్రం? ప్రింటరు చెడింది నావల్లనా?" రంగనాథన్ లేచి నిలబడ్డాడు.

"మొదట వైరు ఊడింది నీవల్ల కాదు. అది పెట్టేదానికి గోపినాథ్‌కు రెండు నిమిషాలు పట్టె. లోపల అతుక్కున్న కాగితాలు గీకి తీసేదానికి రెండు గంటలు పట్టె."

కోకిల ఈగలు తోలే కాగితాన్ని పైకెత్తి ఆడించింది. అది కొత్త లుంగీలాగా పెళపెళమంది.

"ప్రింటరు కాగితానికి గంజి పెట్టి ఎండేస్తారా అన్నా? నూలనుకుంటివా? ఆ కట్ట కూడా నాకే ఇచ్చినారు. నూనె పీల్చదు, మడత పడదు, ఈగలకు మాత్రం భలేగా ఉండాది."

రంగనాథన్ మెల్లగా కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి, "మెత్తగా ఉంటే గంజి పెట్టక ఇంకేం చేస్తారు? సరి, ఈ మాట ఇంకెవురికీ చెప్పద్దండి" అన్నాడు.

"ఇంకెవురున్నారన్నా చెప్పేదానికి? ఆ మిషను రిపోర్టు చేస్తాననింది కదా," అంది కోకిల, దొంతరలోంచి ఇంకో కాగితం తీస్తూ. "వారం నించి బజ్జీ తిని ఇదేం కాగితమని అడిగినోళ్ళందరికీ దాని తరపున నేనే చేస్తా ఉండా."