రాసుకున్నాం

సహాయ సంస్థ ఆఫీసు, మేడ మీది గది. పగలు పదకొండు గంటలు. బల్లకు ఒకవైపు, సంస్థ బండ్లు ఎప్పుడు ఏ దారిన వెళ్తాయో సైన్యానికి ముందుగా ఫోన్ చేసి చెప్తూ వచ్చిన ఆమె. ఎదురుగా, సైన్యంలో రిటైరై వారం కిందటే ఇక్కడ సలహాదారుగా చేరిన ఆయన.

"...అదీ మొదటి తప్పు. 'దయచేసి' అనకండి."

"మర్యాదకి కూడానా?"

"మర్యాదకి నమస్కారం చాలు. 'దయచేసి' అంటే అవతలివాడు మీరేదో అడుగుతున్నారనుకుంటాడు. మీరు అడగడం లేదు, చెప్తున్నారు. ఫలానా బండి, ఫలానా టైము, ఫలానా దారి. అంతే."

"అడిగితే ఏమవుతుంది?"

"కాదనే హక్కు వాడికి వస్తుంది."

"చెప్తే?"

"చెప్తే, విన్నందుకు బాధ్యత వస్తుంది."

"వస్తుందా?"

"రావాలి."

"రావాలి అన్నారు. వస్తుంది అనలేదు."

"మీతో కష్టమే టీచర్ గారూ. ప్రతి మాటకీ ఎర్ర సిరా పెడతారు."

"నేను టీచర్నని మీకెవరు చెప్పారు?"

"మీ... మేనేజరు. చెప్పినట్టున్నాడు."

"ఆయనకి నా ఇంటిపేరే గుర్తుండదు. స్కూల్లో పనిచేశానని గుర్తుంటుందా?"

"గొంతులోనే తెలుస్తుందిలెండి. ఆగి ఆగి, డిక్టేషన్ చెప్పినట్టు. గాలి రావడం లేదు, ఆ కిటికీ ఇంకొంచెం..."

"దాన్ని ముట్టుకోకండి. అద్దానికి అతికించిన టేపే దాన్ని నిలబెట్టింది. రెండోది చెప్పండి, రాసుకుంటున్నాను."

"రెండోది, ఫోన్ ఎత్తిందెవరో అడగండి. పేరు చెప్పడు. హోదా అడగండి. అదీ చెప్పకపోతే గడియారం చూసి మీరే ఒక పేరు పెట్టండి. 'తొమ్మిదీ పదికి మాట్లాడిన ఆఫీసర్ గారూ' అనండి. వాడికి వినపడేలా అనండి."

"దానివల్ల?"

"కాస్త సరిగ్గా కూర్చుంటాడు."

"వెనక బెంచీలో వాణ్ని పేరు పెట్టి పిలిచినట్టు."

"సరిగ్గా అంతే. స్నేహం మాత్రం చేయకండి. పిల్లలెలా ఉన్నారు, జ్వరం తగ్గిందా, ఇవేవీ వద్దు. గేటు దగ్గర మీ డ్రైవరుకి టీ ఇస్తే తాగనివ్వండి, కానీ బండిలోకి ఎక్కించుకోమంటే కుదరదనాలి. ఒక్క సిపాయి ఎక్కినా అది ఇంక మీ బండి కాదు."

"ఇవన్నీ ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది."

"ఆలస్యంగానైనా పిలిచారుగా. మూడోది, ముఖ్యమైనది. 'రాసుకున్నాం' అంటే ఒప్పుకోకండి."

"పదకొండు నెలలు నాకు ఆ ఒక్క మాటే చెప్పారు సార్. రోజూ పొద్దున్నే. 'రాసుకున్నాం.' నేను థాంక్స్ చెప్పి పెట్టేసేదాన్ని. నిశ్చింతగా వెళ్లి అన్నం వండుకునేదాన్ని."

"రాసుకున్నాం అంటే రాసుకున్నామనే. పైకి పంపామని కాదు. ఫోనున్న గది వేరు, తుపాకీ ఉన్న చోటు వేరు. మధ్యలో నలుగురైదుగురు ఉంటారు. కాగితం ఎవరి బల్ల మీదైనా కూర్చుండిపోవచ్చు."

"కాగితానికి కాళ్లనొప్పులా?"

"కాగితం పట్టుకున్నవాడికి. నవ్వకండి, నిజమే. భోజనాల టైము అవుతుంది. సంతకం పెట్టాల్సినవాడు సీట్లో ఉండడు. ఈలోపు ఇంకో ఫోన్ మోగుతుంది. దానిమీద పేపర్ వెయిటు పెట్టి, వచ్చాక పంపుదాంలే అనుకుంటారు..."

"మీరు ఆ గదిలో పనిచేశారా?"

"నేనా? లేదు లేదు. నాది స్టోర్సు. బూట్లు, దుప్పట్లు. ముప్పై ఏళ్లు దుప్పట్లు మడత పెట్టించాను."

"మరి పేపర్ వెయిటు సంగతి?"

"ఏ ఆఫీసులోనైనా ఉండేదే కదండీ."

"రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కూర్చోక, ఇంత ఎండలో మూడంతస్తులు ఎక్కి మాకెందుకు చెప్తున్నారు ఇవన్నీ?"

"ఇంట్లో కూర్చుంటే నిద్ర పట్టదు."

"పగలా?"

"ఎప్పుడైనా. వదిలేయండి. నాలుగోది..."

"అక్కా! రేపు బండి ఉన్నట్టా లేనట్టా? నమస్తే సార్. ఏదో ఒకటి చెప్పక్కా, టైర్లు మార్చుకోవాలి."

"నన్నడక్కు డ్రైవరూ. మేనేజర్ని అడుగు."

"మేనేజరు నిన్నడగమన్నాడు. ఎనిమిది నెలల తర్వాత వంతెన అవతలికి పోయే మొదటి బండి. పన్నెండు లోపు వాళ్లకి ఫోన్ వెళ్లకపోతే రేపు గేటు తియ్యరు. ఇక్కడి కిడ్నీ మెషీన్ పాడై ఐదు రోజులైందక్కా. ఆరుగురు పేషెంట్లని అవతలి ఆస్పత్రికి చేర్చాలి. ఆ టైలరు పెద్దాయనకి కాళ్లు ఉబ్బిపోయి చెప్పులు పట్టడం లేదు."

"మేనేజర్నే ఫోన్ చేయమను."

"ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడితేనే మనకి అర్థం కాదు, ఫోన్లో వాళ్లకేం అర్థమవుతుంది? నువ్వు చేస్తేనే నేను స్టీరింగ్ పట్టుకుంటా."

"పట్టుకోకు."

"ఇదిగో, ఈ మాటే అంటావని మా ఇంట్లో చెప్పే వచ్చా. ఇదివరకు నన్ను 'తమ్ముడూ' అని పిలిచేదానివి. ఇప్పుడు 'డ్రైవరూ' అంటున్నావు. నేనేం తప్పు చేశానక్కా?"

"ఏం చేయలేదు. వెళ్లి టైర్లు మార్చుకో."

"మార్చుకోమంటే ఉన్నట్టేగా?"

"వెళ్లవయ్యా."

"పన్నెండక్కా! మర్చిపోకు!"

"మంచివాడే."

"మంచివాడే సార్. అందుకే పిలవలేకపోతున్నాను ఆ పిలుపు."

"ఆ ఫోన్ మీరే చేయాలని మేనేజరు కూడా అన్నాడు. ఎందుకు మానేశారో మాత్రం చెప్పలేదు. చివరిసారి వెళ్లిన బండి కాలిపోయిందని మాత్రం... అది నాకూ తెలుసు. పేపర్లో వచ్చింది."

"పేపర్లో 'డ్రైవరు మృతి' అని వేశారు. రెండే మాటలు. వాడు మా తమ్ముడు."

"తమ్ముడంటే... సొంత..."

"ఒకే తల్లి కడుపున. నాకన్నా తొమ్మిదేళ్లు చిన్న. స్కూలు మూతపడి నేను ఇక్కడ చేరాక, వాణ్ని నేనే తీసుకొచ్చి పెట్టాను. ఏం సార్, నీళ్లు కావాలా?"

"వద్దు. చెప్పండి. నాకు... తెలియదు ఈ సంగతి."

"మీకెలా తెలుస్తుంది? తర్వాత సైన్యం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. నాకు కంఠతా వచ్చు. 'వెళ్లే దారి తెలియజేశారు. తిరుగు ప్రయాణం గురించి ఏమీ తెలియజేయలేదు. గుర్తు తెలియని వాహనం ఒకటి కాలువ గట్టు మీద అకారణంగా ఆగి ఉన్నందున చర్య తీసుకోవలసి వచ్చింది.' అకారణంగా అట."

"ఊఁ."

"ఈ మాట చెప్పగానే ఎవరైనా అడుగుతారు, మరి ఎందుకు ఆగింది అని. మీరు అడగలేదు."

"అడిగి బాధపెట్టడం ఎందుకని."

"నాకు తెలుసు ఎందుకు ఆగిందో. వాడే ముందురోజు చెప్పాడు, 'అక్కా, ఇది కూడా చెప్పు, లేకపోతే అనుమానపడతారు' అని. రాశాను. నాలుగో వాక్యం. ఆ కాగితం ఇంతవరకు ఎవరికీ చూపించలేదు. కారణమూ చెప్పలేదు, మేనేజరుకి కూడా."

"ఎందుకని? అది సాక్ష్యం కదా?"

"రాసినందుకు సాక్ష్యం. చదివినందుకు కాదు."

"అంటే?"

"ఆ రోజు మూడో వాక్యం అవగానే లైను కట్టయింది. మళ్లీ చేశాను. 'రాసుకున్నాం' అన్నారు, అది గుర్తుంది. నేను థాంక్స్ అన్నాను, అదీ గుర్తుంది. మధ్యలో నాలుగోది చదివానా, చదివేశాననుకుని పెట్టేశానా? ఎంత తవ్వుకున్నా తెలియడం లేదు సార్. ఇరవై రెండేళ్లు పిల్లలకి చెప్పాను, పేపరు ఇచ్చేముందు ఒకసారి సరిచూసుకోండిరా అని."

"మీరు... చదివే ఉంటారు."

"అందరూ అదే అంటారు. ఓదార్పుకి అంటారు. మా మరదలు మాత్రం సూటిగా అడిగింది. 'వదినా, చెప్పావా చెప్పలేదా, ఒక్క మాట చెప్పు' అని. తెలియదన్నాను. అబద్ధం ఆడలేకపోయాను. అప్పట్నుంచి నా ముఖం చూడదు. ఏదైనా అవసరముంటే పిల్లతో కబురు పంపిస్తుంది. గుమ్మం బయటే నిలబడి చెప్పి వెళ్లిపోతుంది ఆ పిల్ల. అందుకే నేను ఫోన్ చేయను. మర్చిపోయే మనిషితో చేయించాల్సిన పని కాదిది."

"అలా కాదు. ఇందాక నేను చెప్పబోయిన నాలుగో జాగ్రత్త అదే. తిరిగి చదివించండి. మీరు చెప్పిందంతా వాడితో మొదట్నుంచీ చెప్పించండి. ఒక్క ముక్క తగ్గినా ఫోన్ పెట్టనివ్వకండి. మీరు మర్చిపోతే వాడు పట్టుకుంటాడు, వాడు మర్చిపోతే మీరు."

"అప్పుడు నాకా సంగతి తెలియదు."

"మీకు తెలియకపోయినా, ఎత్తినవాడికి తెలుసు. వాడైనా చదివి ఉండాల్సింది. చదివి, లేచి, తనే నడిచి వెళ్లి ఇచ్చి రావాల్సింది. ఎంత దూరమని? ఒక వరండా."

"మీవాళ్లనే తిడుతున్నారు."

"తిట్టడానికి ఓపిక లేదండీ. ఊరికే చెప్తున్నాను."

"టైమెంతయింది?"

"పదకొండూ నలభై. ఒక పని చేద్దాం. ఒకసారి ఉత్తుత్తినే చేసి చూడండి. నేను సైన్యం ఆఫీసు, మీరు ఫోన్ చేశారు. రేపటి కాగితం ఉందా?"

"రాయలేదు."

"పాతదేదైనా తీయండి."

"పాతవన్నీ కట్టగట్టి కింద పెట్టేశారు. నా దగ్గర ఒక్కటే ఉంది. కళ్లజోడు డబ్బాలో."

"అది... వద్దులెండి."

"దాంతోనే చేస్తాను. అది చదవగలిగితే ఏదైనా చదవగలను. మీరు మాత్రం ఇటు చూడకండి."

"చూడను. కళ్లు మూసుకుంటాను. ఫోన్లో ఎలాగూ కనపడదుగా."

"ట్రింగ్ ట్రింగ్ అనాలా?"

"అక్కర్లేదు, ఎత్తాను. హలో."

"నమస్కారం. సహాయ సంస్థ నుంచి. మీ హోదా?"

"చెప్పం."

"సరే. పదకొండూ నలభైకి మాట్లాడిన ఆఫీసర్ గారూ, రాసుకోండి."

"బాగుంది. చెప్పండి."

"ఒకటి. తెల్ల వ్యాను, టాపు మీద మా సంస్థ గుర్తు. డ్రైవరు ఒక్కడే. మందుల పెట్టెలు పద్నాలుగు. రెండు. ఉదయం తొమ్మిదింటికి ఇక్కడ బయల్దేరుతుంది. మూడు. వంతెన దాటి, ఆస్పత్రి వెనక గేటుకి వెళ్తుంది."

"ఊఁ."

"లైను కట్టయింది ఇక్కడే సార్. ఇక్కణ్నుంచి చదవలేకపోతున్నాను."

"పర్లేదు. బలవంతం చేయకండి. ఇప్పుడు నన్ను తిరిగి చదవమనండి. గట్టిగా అనండి, క్లాసులో అన్నట్టు."

"తిరిగి చదవండి."

"ఒకటి. తెల్ల వ్యాను, టాపు మీద సంస్థ గుర్తు, డ్రైవరు ఒక్కడే, మందుల పెట్టెలు పద్నాలుగు. రెండు. ఉదయం తొమ్మిదింటికి బయల్దేరుతుంది. మూడు. వంతెన దాటి ఆస్పత్రి వెనక గేటుకి. నాలుగు. తిరుగు ప్రయాణం మూడింటికి, కాలువ గట్టు మీదుగా. రేడియేటర్ కారుతోంది గనక, నీళ్లు పోసుకోడానికి పంపుహౌస్ దగ్గర పది నిమిషాలు ఆగుతుంది. ఇదిగో, ఇలా. ఒక్క ముక్క పోకుండా. విన్నారా? టీచర్ గారూ?"

"విన్నాను. కళ్లు తెరవకండి."

"ఏం, ఎక్కడైనా తప్పు చదివానా?"

"తప్పేం లేదు. అంతా సరిగ్గా ఉంది. ఆ ఫోన్ ఇటు జరపండి, పన్నెండు కావస్తోంది."

"చేస్తారా? హమ్మయ్య. నేను చెప్పలేదూ, తిరిగి చదివించుకుంటే భయం పోతుందని..."

"నాలుగోది నేను చదవలేదు సార్."

"అదేంటి, మీరిప్పుడే..."

"ఇప్పుడు చదవలేదు. అంటే, ఆ రోజు చదివాను."