మేం పోసిన ధార

ఆ రోజు ఇంట్లో ఉన్నది ముగ్గురే: నక్షత్రాల మధ్య ప్లాస్మా మీద పరిశోధన చేసే ఆవిడ, కూతుర్ని చూసిపోదామని వచ్చిన వాళ్ళ నాన్న, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డ ఆవిడ గైడు. సోఫాలో ముడుచుకున్న పిల్లిని కూడా లెక్కేస్తే నలుగురు. ఇంకాసేపట్లో ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుని దేశదేశాల శాస్త్రవేత్తలకి ఒక సంగతి చెప్పాలి.

"అబద్ధం చెప్పమన్నానా నేను? ఆగమన్నాను. అంతే."

"ఎన్నాళ్ళు సార్?"

"ఆర్నెల్లు."

"పోయినేడూ ఆర్నెల్లే అన్నారు."

"అన్నాను. ఇప్పుడూ అంటున్నాను. పెద్దాయనా, మీరైనా చెప్పండి మీ అమ్మాయికి."

"నాకేం తెలుస్తుంది సార్, మిల్లులో బాయిలర్ చూసుకున్నవాణ్ణి. ఏంటమ్మా గొడవ? నాకర్థమయ్యేట్టు చెప్పు."

"కృష్ణబిలం దగ్గర్నుంచి వేడి ప్లాస్మా ధారగా పైకి చిమ్ముతుంది నాన్నా. అదెలా పుడుతుందో సార్ కంప్యూటర్లో లెక్క కట్టి చూపించారు. ఆ లెక్కతోనే సార్‌కి ఇంత పేరు."

"పేరు సంగతి ఎందుకిప్పుడు?"

"సరే, వదిలేస్తాను. ఆ లెక్కలో ఎక్కడైనా పదార్థం మరీ పల్చబడిందనుకోండి, కంప్యూటర్ ఆగిపోతుంది. ఆగకుండా అక్కడ చిటికెడు పదార్థం మేమే వేస్తాం."

"కుండ అడుగంటకుండా నీళ్ళు చిలకరించినట్టా?"

"అచ్చం అంతే! అందరూ వేస్తారు, అది తప్పు కాదు. కానీ మొత్తం ఎంత వేశామో నేను కూడి చూశాను నాన్నా. పైకొచ్చిన ధారంతా మేం పోసిన నీళ్ళే."

"ధారలు ఆకాశంలో నిజంగానే ఉన్నాయి పెద్దాయనా. టెలిస్కోపుకి కనిపిస్తాయి."

"లేవని ఎవరన్నారు సార్? ఎలా పుడతాయో మనకి తెలిసిపోయిందన్నాం. తెలీలేదు. ఆ మాటే ఇవాళ చెప్తానంటున్నా."

"నీ థీసిస్ దేని మీద నిలబడింది?"

"టీ చల్లారిపోతోంది సార్."

"నేనడిగింది టీ గురించి కాదు."

"దాని మీదే. ముందు కూలేది నాదే. తెలుసు."

"తెలిసీ! సోమవారం కమిటీ ఉంది. నీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలా, ఇంటికి పంపాలా అని కూర్చుంటాం. నడిపేది నేనే. ఇన్నేళ్ళూ ఏడాదికోసారి పొడిగించుకుంటూ లాక్కొచ్చావు. ఇంక పొడిగించరు."

"బెదిరిస్తున్నారా?"

"బతిమాలుతున్నానమ్మాయ్! నీకు నిచ్చెన వేసినవాణ్ణి నేను."

"వేశారు. ఎక్కనివ్వరు, దిగనివ్వరు. వేరే చోటికి పోదామంటే మీ సిఫార్సు కావాలి. ఇక్కడే ఉందామంటే మీ సంతకం కావాలి. నాకు నలభై దాటాయి సార్, ఇంకా సభల్లో నన్ను 'మా అమ్మాయి' అనే పరిచయం చేస్తారు."

"ప్రేమతో అంటాను."

"ఆ ప్రేమకే నాకు ఊపిరాడట్లేదు."

"అమ్మా, మెల్లగా. పిల్లి లేచిపోయింది చూడు."

"నవ్వించకండి నాన్నా. బాయిలర్ పగుళ్ళిచ్చిందని ఓనరు మొహం మీదే చెప్పింది మీరు కాదూ?"

"చెప్పాను."

"ఉద్యోగం పోతుందని తెలిసే కదా?"

"తెలిసే. పోయింది. తర్వాత ఏ మిల్లు వాడూ గేటు దాటనివ్వలేదు."

"బళ్ళో నేనెంత గొప్పగా చెప్పుకునేదాన్నో, మా నాన్న ఇలాంటివాడని!"

"నువ్వు చెప్పుకున్నావు తల్లీ. మీ అమ్మే ఎవరికీ చెప్పుకోలేకపోయింది."

"అమ్మ ఎప్పుడూ ఏమీ అనలేదే?"

"అనలేదు. అదే నాకు… సర్లే. నీకు టైమవుతున్నట్టుంది."

"అవును. సార్, మీరు ఉంటానంటే ఉండండి, వెళ్తానంటే వెళ్ళండి. నేను మాత్రం మాట్లాడతాను."

"పెద్దాయనా, చూస్తూ కూర్చుంటారా? దీని బతుకు ఇది చేతులారా…"

"మీరు కూర్చోండి సార్. నేను చూసుకుంటాను. నువ్వు లోపలి గదిలోకెళ్ళమ్మా, అక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది. ఆ ఫోన్ ఇలా ఇవ్వు, మధ్యలో మోగితే తడబడతావు."

"ఇదిగో. తలుపు దగ్గరగా వెయ్యండి నాన్నా. మీరు వచ్చిన రోజే ఇది పడటం నా అదృష్టం."

"వేస్తాను. వెళ్ళు."

"నాన్నా! నెట్ పోయింది! ఇప్పుడే నా పేరు పిలిచారు. ఆ నెట్ డబ్బా మీ పక్కనే ఉంది, లైట్లు వెలుగుతున్నాయా?"

"లేదమ్మా."

"స్విచ్ వెయ్యండి, త్వరగా! ఉండండి, నేనే వస్తున్నా. ఈ తలుపు రావట్లేదేంటి? నాన్నా? నాన్నా!"

"సార్, అమ్మాయికి ఒంట్లో బాలేదని వాళ్ళకి మీరు చెప్పెయ్యండి. గడియ నేనే పెట్టాను."