గుడ్డెలుగు ఇన్న కిన్నెర

పర్వతాలు బావ కిన్నెర వాయిస్తుండె. నాకు బావ వరుస, మా ఇంటెనకనే వాళ్ల ఇల్లు, ఆ ఇల్లు దాటితే చెలక, చెలక దాటితే అడివి. కిన్నెరంటే తెలుసా మీకు? ఎట్ల తెలుస్తది, ఫోన్ల పాటలినేటోళ్లకు! పొడుగు బొంగు, దాని కింద ఎండిన సొరకాయ బుర్రలు, మీద తీగెలు, వేళ్లు పెట్టనీకె మెట్లు. ఆ మెట్లకు మొలలు కొట్టరు, తేనెమైనంతోని అతికిస్తరు. వాయించే ముందర ఆ మైనాన్ని దీపం మీద జర కాపి, ఒక్కొక్క మెట్టును బొటనేలితోని ఒత్తాలె. మైనం కాపకుంట కిన్నెర ముట్టొద్దురా అని వాళ్ల నాయిన చెప్పిండంట. ఒక కాలంల పెండ్లయినా జాతరైనా బావనే పిలుస్తుండ్రి. తర్వాత ఏమైందంటే, డీజేలొచ్చినయి. ఆ డబ్బాలు దడదడ మోగుతుంటే కిన్నెర ఎవనిక్కావాలె? పిలుసుడు బందైంది. బావ మనసు విరిగింది. ఇనేటోడు లేనప్పుడు వాయించుడెందుకే, దూలానికి కట్టి ఇడిసిపెడ్త అన్నడంట పెండ్లాంతోని. లింగమ్మక్క నోరు మీకు తెల్వదు, కట్టు, నా చెవులకన్న సుఖముంటది అన్నదంట. గా మాటకు ఆయన ఆ పూట అన్నం గూడ తినలే.

సరే, ఇదే ఆఖరు పాట అనుకోని, పొద్దుగూకే యాళ్లకు అరుగు మీద కూసున్నడు. మైనం కాపిండు, మెట్లొత్తిండు, అన్నదమ్ముల కత ఎత్తుకున్నడు. ఏమైందంటే, చెలక గట్టు మీదికి గుడ్డెలుగొచ్చింది! అవ్వో, ఇంత నలుపు, ఇంత బొచ్చు! వచ్చి ఏం జేసిందనుకున్నరు? కూసున్నది. నిజం చెప్తున్న, నవ్వకు పిల్లా, మనిషోలె పిర్రలానిచ్చి కూసున్నది. నేను మా గోడ మీదికెళ్లి చూసిన, నా చేతిలకెళ్లి చెంబు జారి పడ్డది. మూతి పైకెత్తి తలకాయ అటొకసారి ఇటొకసారి ఊపుతుంది. అట్లనే చానసేపుండి ఎల్లిపోయింది. మల్లొకనాడు వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడు కిన్నెర పట్టినా వచ్చుడే. ఇగ ఊరంత గోడలెక్కింది. పర్వతాలు పాటకు అడివి జంతువే తల ఊపుతుంది, మనమెంత అని ఒకరు, పోయిన జన్మల ఏదో బాకీ ఉన్నదని ఒకరు. బావ మొఖం చూడాలె అప్పుడు! పెండ్లి పిలగాని లెక్క వెలుగుతుండె. చూసినవా లింగీ, మనుషులకు లేని చెవి దానికున్నది అన్నడు. అక్క ఊకుంటదా? చెవి కాదయ్యా, దాని ముక్కు చూడు, నువ్వు మైనం కాపినంకనే వస్తది, తేనె వాసనకొస్తుంది గది, ఒకనాడు కొంప ముంచుతది అన్నది. నీకు కుళ్లు అన్నడు ఆయన. ఒక్క కుళ్లు అనలే, ఇంకా చాన అన్నడు, అవి మీకు చెప్పను.

గట్లుంటే, వాళ్ల బిడ్డ స్వరూప కాన్పుకొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఒకనాటి మాపు వాన తుంపర పడుతుంది, అరుగు తడిసింది. స్వరూప వెనక దడి కాడ స్నానం చేస్తుంది, అక్క వంటింట్ల పొయ్యి కాడ ఉన్నది. తొట్టెల పసిపిల్ల కెవ్వున ఏడుస్తుంది. బావ ఏం జేసిండు, కిన్నెర ఇంట్లకు తెచ్చుకోని తొట్టెల పక్కనే కూసున్నడు. దీపం మీద మైనం కాపిండు, మెట్లొత్తిండు, పాట అందుకున్నడు. పిల్ల ఊకున్నది. జరసేపైనంక తలుపు కాడ చీకటయినట్టు అనిపించిందంట. తలెత్తి చూస్తే గుడ్డెలుగు! గడపల! గట్టు మీద కాదు బిడ్డా, గడపల! బావ లేసి ఉరకాలె గదా? పిల్లనెత్తుకోవాలె గదా? ఉరకలే. నా పాటకొచ్చింది, పాట ఆపితేనే మీదికొస్తది అనుకున్నడంట. ఇంకా గట్టిగ వాయిస్తున్నడు. అది లోపలికొచ్చింది. ఇంకా గట్టిగ పాడుతున్నడు. అది వచ్చి కిన్నెర మీద మూతి పెట్టింది. ఇంత పొడుగు నాలుక తీసి మెట్లు నాకుతుంది, మెట్లు పట్టిన వేళ్లు గూడ నాకుతుంది. ఇగ వేళ్లు కదలలే, గొంతు రాలే. పాట ఆగిపోయింది. అది తలెత్తి చూసిందా? చూడలే! పాట ఉన్నదో ఆగిందో దానికి సోయే లేదు, నాకుతనే ఉన్నది. పాట ఆగంగనే పిల్ల కెవ్వుమన్నది. గుడ్డెలుగు తలకాయ తొట్టెల దిక్కు తిరిగింది. వంటింట్లకెళ్లి అక్క కొరివికట్టె పట్టుకొని వచ్చి, ఓ మనిషీ, కిన్నెర బయటికిసురు, ఇసురు, అది దానికే వచ్చింది అని ఒర్లింది. ఆ ఒర్లుడు నాకు ఇనొచ్చింది, నేనురికొస్తున్న. వాళ్ల తాత చేసిన కిన్నెర అది. ఒక్కసారి గుండెకు ఒత్తుకున్నడంట, మల్ల తలుపుల నుంచి వాకిట్లకు ఇసిరికొట్టిండు. బుర్రలు ఫట్టుమని పగిలినయి. గుడ్డెలుగు గిర్రున తిరిగి బయటికురికింది. అక్క తలుపేసి గొళ్లెం పెట్టింది.

నేను మా గోడ కాన్నే నిలబడిపోయిన. వాకిట్ల ఆ జంతువు బొంగును కాళ్ల మధ్యన పట్టుకొని, మెట్లు పీకి పీకి మైనం తింటుంది. తీగెలు టింగుటింగుమంటున్నయి. ఆకలైనోడు బొక్క చీకినట్టు చీకి, మూతి నాక్కుంట ఎల్లిపోయింది, ఎనకకు గూడ చూడలే. నేను పోయి తలుపు తీయించిన. స్వరూప వెనక తలుపుల నుంచి ఉరికొచ్చి, తడి చీరెతోనే పిల్లను పట్టుకొని ఏడుస్తుంది. బావ నేల మీద కూసుండి తన వేళ్లు తానే చూసుకుంటుండు. ఊరోళ్లంత వచ్చిండ్రు. వాళ్ల తెలివి చూడుండ్రి, పాట మీద ప్రేమతోని కిన్నెరను కావలిచ్చుకున్నది పాపం అంటున్నరు! బొంగు మీద పండ్ల గాట్లు కండ్ల ముంగట ఉంటే గట్లంటరు.

అందరు పోయినంక బావ నోరిప్పిండు. పాట ఆగిన సంగతి గూడ దానికి తెల్వలే లింగీ, ఇన్నొద్దులు ఎవరికి పాడిన నేను, నా పాట ఎవరిన్నరే అన్నడు. అప్పుడు చూడాలె అక్క కోపం! నేను గోడనా? నేను రాయినా? పొయ్యి కాడ కూసొని ఎన్నేండ్ల సంది ఇంటున్న? ఆ అన్నదమ్ముల కతల తమ్ముడు సచ్చిపోయిన కాడ నువ్వు ఎప్పుడు పాడినా ఒక చరణం ఎగ్గొడ్తవు, ఎందుకు ఎగ్గొడ్తవు, నీకు ఏడుపొస్తదని గదా? ఎన్నడన్న నన్నడిగినవా అన్నది. అని, మనవరాలిని భుజానేసుకొని, ఆ ఎగ్గొట్టిన చరణం ఎత్తుకున్నది. గొంతు బొంగురే, అయినా ఒక్క మాట తప్పలే. బావ నోరు తెరుసుకొని చూసిండు. ఇగ నేను నిలబడలేక ఇంటికొచ్చిన.

గుడ్డెలుగు ఇంట్ల జొరబడ్డప్పుడు గూడ ఆయన మొఖం అంత తెల్లబోలేదనుకుంట నేను. మొగోళ్లు అంతే బిడ్డా, చెలక అవతల ఎవరింటున్నరో చూస్తరు గని, పొయ్యి కాడికి తల తిప్పి చూడరు. లేవుండ్రి ఇగ, నాకు బర్రెను పిండుకునే యాళ్లయింది.