వాసన లేని పళ్ల బల్ల

అదిగో, మళ్లీ ఆ చూపు! పిచ్చిదాన్ని చూసినట్టు చూడకు ఇమెల్డక్కా. ఒక్క ఆపిల్ వాసన చూసి చెప్పమన్నాను, అంతేగా? నీ పెరటి చెట్టుదే. ఉండు, ఇప్పుడే చూడకు. ముందు నా మాట విను.

ప్యాకింగ్ షెడ్డులో నా పనేంటో తెలుసుగా? మూత పెట్టిన కప్పుల్లో ఆపిల్ ముక్కలుంటాయి. మూత తీసి, ముక్కు పెట్టి, వాసనకి పదికి ఇన్నని మార్కులు వెయ్యాలి. ఐదుగురం. వేసవి దాకా అన్నీ పోయినేడు కోసిన పళ్లే. తొందరగా పండకుండా చెట్టు మీదే మందు కొడతారు. కోశాక, గాలి కూడా తగ్గించేసిన చలిగదిలో నెలల తరబడి నిద్రపుచ్చుతారు. మన యాకిమా లోయలో ఏ షెడ్డయినా అంతే. బయటికొస్తే ఎర్రగా, గట్టిగా, ఎంత ముద్దొస్తాయనీ! వాసన మాత్రం... కడిగిన పళ్లెం. అందరూ ఒకటో రెండో వేసేవాళ్లు. నేనూ ఒకటే.

"యెసేనియా ముక్కు మహా కచ్చితం" అని మా పెద్దాయన హాల్వర్సన్ మెచ్చుకున్నాడు కూడా. నవ్వకే!

మొన్న సోమవారం కొత్త పళ్లొచ్చాయి. మందు పడనివి, చలిగది మొహం చూడనివి. మూత తియ్యగానే పక్కనున్న డోలోరెస్ "అబ్బ, మా అమ్మమ్మ ఇల్లే!" అని కళ్లు మూసుకుంది. నలుగురూ తొమ్మిదేశారు.

నాకా? మంచినీళ్లక్కా. తీపి తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది, పంటి కింద కరకరమంటోంది. ఆపిల్ తెలీట్లేదు. డోలోరెస్ కాగితంలోకి తొంగి చూసి నేనూ తొమ్మిదేశాను.

జలుబా? జలుబెక్కడిది నా మొహం! కోవిడ్డూ కాదు, రెండుసార్లు పరీక్ష చేయించుకున్నా.

అమ్మ సంగతి మర్చిపోయావా? చేతులు వణకడానికి ఐదారేళ్ల ముందు, పెనం మీద రొట్టె బొగ్గయిపోతున్నా పక్కనే నిలబడి పాడుకునేది. "ముక్కు ఎవరికైనా అద్దెకిచ్చావా?" అని ఏడిపించింది నువ్వు కాదూ? తర్వాత డాక్టరేమన్నాడు? ఈ వణుకుడు జబ్బులో ముందు పోయేది వాసనే అన్నాడు. ఆ మాట నాకు ఫోన్లో చెప్పిందీ నువ్వే.

మీ చెట్టుకి మందూ లేదు, చలిగదీ లేదు. ఇందాకే తెంపాను. నాకేమీ రావట్లేదు. దీనికీ వాసన లేదని చెప్పక్కా. ఆ, ఇప్పుడు చూడు.

మళ్లీ వాసన చూస్తావేం? వద్దు, అబద్ధమాడకు. నీ నోరు లేదంటోంది గానీ, మొహం ఎట్లా విప్పారిందో నేను చూశాను.

సరే. ఒకటి చెప్తాను, తిట్టకు. నాకిది సోమవారం తెలిసింది కాదు. ఫిబ్రవరిలో నీ కూతురి పసిబిడ్డ నెత్తిన ముద్దు పెట్టుకున్నానే, ఆ రోజే తెలుసు. పాల వాసన లేదు, ఏదీ లేదు. గోడని ముద్దు పెట్టుకున్నట్టుంది.

మర్నాడే వెళ్లి షెడ్డులో ఆ వాసన చూసే బల్ల దగ్గర పని అడుక్కున్నాను. ఎందుకంటే అక్కడ ఎవరికీ ఏ వాసనా రాదక్కా. ఐదుగురిలో నా ఒక్కదానికే రోగమని ఎవరు కనిపెడతారు? నాకే గుర్తు లేకుండా పోయింది, మరియమ్మ తల్లి మీద ఒట్టు. ఏడు నెలలు నేనూ బాగానే ఉన్నాను.