ముల్లు లేని జెల్ల

ఆ గాజుపెట్టెలో చేపల పేర్లు నన్నడగబాక అబ్బయ్యా. అడగతానే సిలారన్న గుర్తొస్తాడు నాకు. నువ్వు యాడ చూసుంటావులే, మీ నాయన గూడా పుట్టలా అప్పటికి. అరవై రెండో, మూడో. ఈ కృష్ణపట్నంలోనే పటాలకు అద్దాలు బిగించేవాడు. ఆయన కూతురు జైతూన్‌బీకి కాళ్ళు రావు. మంచంలో కూచోని రవికెల మీద పూలు కుట్టేది, ఏం చెయ్యి సామీ అది! ఆ కుట్టుతోనే బతకాల ఆ పిల్ల, ఇంకేముంది దానికి? మిగిలిన అద్దాలు అతికించి బిడ్డ కోసం చేపల తొట్టి చేసినాడు. సముద్రం నీళ్ళు తనే మోసేవాడు. సన్న చేపలు, ఎండ్రకాయ పిల్లలు నేను పట్టుకపోవాల. "చెల్లే, పేరు చెప్పు, చీటీ రాసి అతికిస్తా, పిల్ల అడగతాది" అనేవాడు. నాకేం తెలుసు? వెంకటాచలం దిక్కు మెట్ట నుంచి కాపురానికొచ్చి ఏడాది కాలా. తెలీదంటే నవ్వతారని నోటికొచ్చింది చెప్పేదాన్ని. రాసుకునేవాడు, పాపం.

ఒక రోజు సముద్రం నీళ్ళు వెనక్కి తీసినాక ఒడ్డు గుంటలో వేలెడంతది దొరికింది. నల్లది, తెల్ల చారలు. చారల జెల్ల. ఇది మాత్రం నాకు బాగా తెలుసు, రోజూ గంపలో అమ్మేదే గదా. "ముల్లుంటాదా చెల్లే? పిల్ల నీళ్ళలో చెయ్యి పెడతాది" అన్నాడు. "యాడన్నా, నున్నగా ఉంటాది" అన్నా. అబద్ధం కాదురా! నేను చూసిన జెల్లకు ముల్లు యాడుంది? మీ తాత పోలేరయ్యోళ్ళు పడవలోనే పుటుక్కున విరిచి, ఆ తర్వాతే గంపకేస్తారని నాకెవురు చెప్పినారు?

సాయంత్రం పరిగెత్తుకోనొచ్చినాడు సిలారన్న. "పిల్ల అల్లాడిపోతా ఉంది చెల్లే, చెయ్యి ఉబ్బిపోయింది, ఏం కుట్టిందో తెలీలా. నువ్వు తెచ్చినదానికి ముల్లు లేదు గదా?" "లేదన్నా, ఎండ్రకాయ కరిచుంటాది" అన్నా. పోయినాడు. మీ తాత వచ్చినాక మెల్లిగా అడిగినా. "జెల్లకు ముల్లు ఉండకేం? విషం. కుడితే అప్పుడే వేడినీళ్ళలో పెట్టాల. ఎవురికి కుట్టింది?" అన్నాడు. ఎవురికీ లేదని చెప్పినా. నాలుగిళ్ళవతలే సిలారన్న ఇల్లు. పోలా. ఆ ఏడుపు వింటా వాకిట్లోనే కూచున్నా. సిగ్గురా, పాడు సిగ్గు. చెయ్యి చీము పట్టి నెల్లూరు ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేసినారు. అప్పుడే వేడినీళ్ళలో పెట్టుంటే నిలిచుండేవో లేదో, ఆ దేవుడికే తెలియాల. మళ్ళా సూది పట్టలా ఆ పిల్ల.

సిలారన్న సచ్చిపొయ్యే ముందర చూడబోయినా. నా చెయ్యి పట్టుకోని, "నువ్వు ఆ పొద్దే చెప్పినావు చెల్లే, ఎండ్రకాయని. చేపల గురించి నీకు తెలిసినట్టు ఎవురికి తెలుస్తాది? ఆ ఎండ్రకాయల్ని తొట్టిలో ఉంచింది నేను, తప్పు నాది" అని ఏడ్చినాడు. నేను అప్పుడైనా నిజం చెప్పుంటే...

ఆ తలుపు మూసెయ్ అబ్బయ్యా, గాలి కొడతా ఉంది.